ఒక్క కుర్రవాడు, అయిదు పద్దులు: లాస్ ఏంజెలెస్ కౌంటీలో నిరాశ్రయుల సొమ్ము ఎలా కదులుతుంది

లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఆర్టీసియా అనే చిన్న నగరం ఉంది. అక్కడి పయొనీర్ బొలెవార్డ్‌లో వరసగా చీరల దుకాణాలు, నగల దుకాణాలు, మిఠాయి కొట్లు కనిపిస్తాయి. చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు ఒక ఆదివారం అక్కడికి వెళ్లి కందిపప్పు, ప్రెషర్ కుక్కర్ కొన్నారనుకుందాం. కందిపప్పు మీద అమ్మకపు పన్ను పడదు, ఎందుకంటే కాలిఫోర్నియాలో వంటసరుకులకు ఆ పన్ను లేదు. కుక్కర్ మీద పడుతుంది. దాని ధర 120 డాలర్లయితే, బిల్లు చివర పన్ను పేరుతో కనిపించే అంకెలో 60 సెంట్లు నిరాశ్రయుల పద్దుకు వెళతాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇదే లెక్క.

అరవై సెంట్లు ఎవరికీ బరువు కాదు. కానీ కౌంటీ అంతా కలిపితే అది ఏడాదికి 100 కోట్ల డాలర్ల స్థాయి సొమ్ము. ఆ సొమ్మును ఎవరు ఖర్చు పెట్టాలన్న గొడవ ముదిరి, ముప్పై ఏళ్లకు పైగా నడిచిన ఏర్పాటును కౌంటీ పక్కనపెట్టింది. 2026 జనవరి 1న సొంతంగా కొత్త శాఖ తెరిచింది. ఇంకోపక్క బడి పిల్లల్లో మత్తు మాత్రల సమస్యకు డబ్బు వేరే దారుల్లో వస్తోంది. వార్తల్లో ఇవి రెండు వేర్వేరు కథలు. వీధిలో చూస్తే చాలాసార్లు రెండూ ఒకే మనిషి కథ.

కౌంటీ అంటే మన జిల్లా కాదు

జిల్లా అనగానే మనకు కలెక్టరు గుర్తొస్తారు. రాష్ట్రం నియమిస్తుంది, రాష్ట్రం బదిలీ చేస్తుంది, సొమ్ము కూడా దాదాపుగా పైనుంచే దిగుతుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీ అలా కాదు. దాదాపు కోటి మంది జనాభా, 88 నగరాలు, వీటన్నిటి మీదా ఓటర్లు నేరుగా ఎన్నుకున్న అయిదుగురు సూపర్‌వైజర్లు. ఒక్కొక్కరు ఇంచుమించు 20 లక్షల మందికి ప్రతినిధి. ఇది మరీ ఎక్కువని ఓటర్లే 2024 నవంబరులో ఆ సంఖ్యను తొమ్మిదికి పెంచడానికి ఒప్పుకున్నారు. కౌంటీ తన పద్దు తనే రాసుకుంటుంది, ఓటర్లు ఒప్పుకుంటే పన్ను కూడా వేసుకుంటుంది.

నగరానికీ కౌంటీకీ మధ్య పని విభజన తెలియకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. పోలీసులు, రోడ్లు, ఎక్కడ ఏ భవనం కట్టవచ్చన్న అనుమతులు నగరానివి. ప్రభుత్వాసుపత్రులు, మానసిక వైద్యం, మత్తు చికిత్స, తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన పిల్లల సంరక్షణ, జైళ్లు కౌంటీవి. లాస్ ఏంజెలెస్ అంత పెద్ద నగరానికి సొంత ఆరోగ్య శాఖ లేదు. టెంటు వేసిన కాలిబాట నగరానిది, టెంటులో పడుకున్న మనిషి జబ్బు కౌంటీది. ఆ మనిషి అక్కడినుంచి లేవకపోతే తప్పు ఎవరిదంటే, వేళ్లు రెండు వైపులా చూపిస్తాయి.

ఇంతకీ ఈ భారం కౌంటీ మీద ఎందుకు పడింది? కాలిఫోర్నియా సంక్షేమ చట్టంలో 17000 అనే సెక్షన్ ఉంది. బంధువులు, సొంత ఆస్తి, ఇతర సంస్థలు ఏవీ ఆదుకోని నిరుపేదను కౌంటీ ఆదుకోవాలని అది చెబుతుంది. అంటే చివరి దిక్కు కౌంటీయే. అయితే ఆదుకోవడమంటే ఇల్లు ఇవ్వడమని మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. ఇల్లు ఇవ్వాలంటే డబ్బు విడిగా వెతుక్కోవాలి.

ఆ అర సెంటు ఎక్కడినుంచి వచ్చింది, ఎటు వెళుతుంది

2017 మార్చిలో మెజర్ హెచ్ అనే ప్రతిపాదన ఓటుకు వచ్చింది. ప్రతి డాలరు అమ్మకం మీద పావు సెంటు, పదేళ్ల గడువు, ఏడాదికి సుమారు 35.5 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. ఒక ప్రత్యేక అవసరం కోసం ప్రభుత్వమే ప్రతిపాదించే పన్ను కాబట్టి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. వచ్చాయి.

2024 నవంబరులో దాని స్థానంలో మెజర్ ఎ వచ్చింది. ఇది అర సెంటు. గడువు లేదు, ఓటర్లు మళ్లీ వద్దనేదాకా ఉంటుంది. ఈసారి ప్రతిపాదన పౌరుల సంతకాల సేకరణ ద్వారా బ్యాలెట్‌కెక్కింది. అలా వచ్చిన పన్నుకు సగానికి పైగా ఓట్లు చాలునని కోర్టు తీర్పులు ఉన్నాయి. మెజర్ ఎకు సగం దాటాయి గానీ మూడింట రెండొంతులు రాలేదు. పాత దారిలో వచ్చి ఉంటే అది ఓడిపోయేది. ప్రజల మద్దతు ఏడేళ్లలో ఎంత పలచబడిందో ఇక్కడే తెలుస్తుంది. తర్వాత సూపర్‌వైజర్లకు పట్టుకున్న తొందర కూడా ఇక్కడినుంచే పుట్టిందని నా అంచనా.

మెజర్ ఎ కింద వంద డాలర్లు వస్తే అందులో 60 నిరాశ్రయులకు నేరుగా అందే సేవలకు పోతాయి. షెల్టర్ పడకలు, వీధుల్లో తిరిగి మాట్లాడే బృందాలు, అద్దె సాయం, మానసిక వైద్యం, మత్తు చికిత్స అన్నీ ఇందులోనివే. ఈ అరవైలో 15 శాతం, అంటే 9 డాలర్లు, నగరాలు తమ పరిధిలో ఖర్చు చేసుకోవడానికి ఇస్తారు. వందలో 35.75 డాలర్లు, తక్కువ అద్దె ఇళ్లు కట్టడానికీ అద్దెదారులు వీధిన పడకుండా ఆపడానికీ 2022 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడిన మరో సంస్థకు వెళతాయి. మిగిలిన నాలుగు డాలర్ల చిల్లర గృహనిర్మాణ విభాగానికీ, లెక్కలు, పరిశోధనకూ సరిపోతుంది.

పన్ను రూపం మీద ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అమ్మకపు పన్ను పేదవాడి ఆదాయంలో పెద్ద ముక్కను, ధనికుడి ఆదాయంలో చిన్న ముక్కను కొరుకుతుంది. అద్దె కట్టలేక కారులో పడుకునే మనిషి టైరు మార్చుకున్నా తన వంతు అర సెంటు కట్టాల్సిందే. పైగా వ్యాపారం మందగించి ఉద్యోగాలు పోయినప్పుడే వీధిన పడేవాళ్లు పెరుగుతారు, సరిగ్గా అప్పుడే అమ్మకాలు తగ్గి ఈ పద్దు సన్నబడుతుంది. సమర్థించేవాళ్ల జవాబు సూటిగా ఉంటుంది: ఆస్తిపన్నును పెంచడానికి రాష్ట్ర రాజ్యాంగం కౌంటీ చేతులు కట్టేసింది, ఆదాయపు పన్ను రాష్ట్రానిది, చేతికి అందే కొమ్మ ఇదొక్కటే.

ఇద్దరు యజమానులున్న కొలువు

1993లో నగరం, కౌంటీ కలిసి లాస్ ఏంజెలెస్ హోమ్‌లెస్ సర్వీసెస్ అథారిటీని పెట్టుకున్నాయి. అందరూ లాసా అంటారు. నగరం, కౌంటీ, కేంద్రం ఇచ్చే డబ్బు అందులో పడితే, అది స్వచ్ఛంద సంస్థలకు కాంట్రాక్టులుగా పంచుతూ వచ్చింది. దాని పాలక మండలిలో సగం మందిని సూపర్‌వైజర్లు, సగం మందిని మేయరు నియమిస్తారు.

డబ్బు తక్కువగా ఉన్నంతకాలం ఈ కాపురం సాగింది. మెజర్ హెచ్ తర్వాత సొమ్ము వరదలా వచ్చింది, చెరువు గట్టు మాత్రం పాతదే. 2024 నవంబరులో కౌంటీ ఆడిటరు నివేదిక బయటపడింది. మెజర్ హెచ్ మొదటి ఏడాది కాంట్రాక్టు సంస్థలకు ఇచ్చిన సుమారు 5 కోట్ల డాలర్ల అడ్వాన్సుల్లో తిరిగి వసూలైనది 25 లక్షలే. ఇంకోపక్క పని చేసిన సంస్థలకు బిల్లులు ఆలస్యంగా అందుతున్నాయి. 2025 మార్చిలో ఫెడరల్ జడ్జి డేవిడ్ కార్టర్ ఆదేశంతో జరిగిన మరో ఆడిట్ నగరపు కార్యక్రమాలను తవ్వింది. 200 కోట్ల డాలర్లకు పైబడిన ఖర్చుకు ఎదురుగా ఏమి అందిందో నమ్మకంగా చెప్పగలిగే రికార్డు దానికి దొరకలేదు. దొంగతనం జరిగిందని ఆ ఆడిట్లు తేల్చాయనుకునేవాళ్లున్నారు. అవి చెప్పింది అది కాదు. దొంగతనం జరిగిందో లేదో తేల్చడానికి కావలసిన కాగితం కూడా సరిగా లేదన్నాయి. ఒక రకంగా అది ఇంకా పెద్ద ఆరోపణ.

2025 ఏప్రిల్ 1న సూపర్‌వైజర్లు ఏటా 30 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును లాసా నుంచి వెనక్కి తీసుకుని సొంత శాఖ పెట్టాలని తీర్మానించారు. నలుగురు అవునన్నారు, ఒకరు ఓటు వేయలేదు. తీర్మానం తెచ్చిన లిండ్సీ హార్వత్, క్యాథరిన్ బార్గర్ల వాదన ఇది: డబ్బు మా ఓటర్లది, జవాబు చెప్పాల్సింది మేము, మధ్యలో మరో సంస్థ దేనికి? కౌంటీ ఆరోగ్య శాఖలో 2012 నుంచి నడుస్తున్న హౌసింగ్ ఫర్ హెల్త్ విభాగం జబ్బుపడిన నిరాశ్రయులకు ఇళ్లు చూపించడంలో సాధించిన ఫలితాన్ని వాళ్లు ఉదాహరణగా చూపించారు.

మేయరు కరెన్ బాస్ దీన్ని వ్యతిరేకించారు. అందుకు కారణం లేకపోలేదు. నిరాశ్రయుల లెక్క 2023లో 75,518, 2024లో 75,312, 2025లో 72,308. ఏళ్ల తరబడి పెరిగిన అంకె వరసగా రెండోసారి తగ్గుతుంటే, ఇప్పుడే బండి ఇరుసు విప్పుతారా అన్నది ఆమె వైపు ప్రశ్న. ఆ లెక్క ఏడాదికోసారి వాలంటీర్లు మూడు రాత్రులు వీధుల్లో తిరిగి వేసేదే కాబట్టి, నాలుగు శాతం లోపు తేడాలను నెత్తిన పెట్టుకోకూడదు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. లాసా పాలక మండలిలో సగం కుర్చీలు కౌంటీవే. ఇన్నేళ్లూ అద్దంలో చూసుకోవలసిన ముఖం కిటికీలోంచి పక్కింటివాళ్లను తప్పుపట్టిందన్న విమర్శలో నిజం ఉంది. కొత్త శాఖ వచ్చినా కాంట్రాక్టులు తీసుకునేవి ఆ స్వచ్ఛంద సంస్థలే, పడకలూ అవే. మారినదల్లా చెక్కు మీద సంతకం, ఆ సంతకాన్ని ప్రశ్నించగలిగే వేదిక.

గంజాయి అమ్మితేనే నిండే నివారణ నిధి

పిల్లల మత్తు సమస్యకు వచ్చే డబ్బులో అమ్మకపు పన్ను వాటా తక్కువ. అక్కడ పద్దులే వేరు, వాటి పుట్టుక కొంచెం విచిత్రం.

2016లో ప్రతిపాదన 64తో కాలిఫోర్నియాలో పెద్దలకు గంజాయి చట్టబద్ధమైంది. ఆ పన్నులో పాలనా ఖర్చులు, కొన్ని నిర్ణీత కేటాయింపులు పోగా మిగిలినదానిలో 60 శాతం పిల్లలు, యువత మత్తు జోలికి పోకుండా చేసే కార్యక్రమాలకు, చికిత్సకు వెళ్లాలని చట్టం. అంటే పెద్దలు ఎంత ఎక్కువ కొంటే పిల్లల నివారణ నిధి అంత నిండుతుంది. 2025 జూలైలో గంజాయి పన్ను 15 నుంచి 19 శాతానికి పెరిగింది. చట్టబద్ధ దుకాణాలు మూతపడి దొంగ వ్యాపారం బలపడుతుందని వ్యాపారులు మొరపెట్టుకున్నారు, అక్టోబరులోనే మళ్లీ 15కు దించారు. పిల్లల సంస్థలు అభ్యంతరం చెప్పాయి. రేటు తగ్గితే తమ నిధి తగ్గుతుందని వాళ్లంటే, దుకాణాలే లేకపోతే నిధి ఎక్కడినుంచి వస్తుందని వీళ్లు. ఇద్దరి కూడికలూ సరైనవే.

రెండో పద్దు, ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు జనాన్ని వ్యసనంలోకి దించాయన్న కేసుల్లో కంపెనీలు ఒప్పుకున్న పరిహారం. మూడు పెద్ద పంపిణీ సంస్థలు 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల వరకు దేశమంతటికీ కట్టాలి. కనీసం 85 శాతాన్ని మత్తు నష్టాన్ని తగ్గించే పనులకే వాడాలన్నది షరతు. ఒకప్పుడు పొగాకు కంపెనీల పరిహారం రోడ్లకూ లోటు పూడ్చుకోవడానికీ కరిగిపోయిన అనుభవం ఆ షరతు వెనక ఉంది.

మూడోది మత్తు సమస్య కోసం కేంద్రం ఇచ్చే గ్రాంటు, అందులో కనీసం 20 శాతం నివారణకే పోవాలి. నాలుగోది పేదల ఆరోగ్య బీమా మెడికాల్. 21 ఏళ్లలోపు వారికి అవసరమైన చికిత్స ఇవ్వడం ఈ బీమా కింద తప్పనిసరి. కౌంటీ చికిత్స ఇచ్చి బిల్లు పెట్టుకోవచ్చు, అయితే ఎదురుగా పేరున్న రోగి ఉండాలి. ఇంకా మత్తు ముట్టని వెయ్యి మంది పిల్లలకు బడిలో చెప్పే పాఠానికి ఈ బీమా బిల్లు పుట్టదు. నివారణ ఎప్పుడూ చికిత్స కంటే పేదరికంలో ఉండడానికి కారణాల్లో ఇదొకటి.

మరో మార్పుకు తేదీ 2026 జూలై 1. పది లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద 2005 నుంచి వసూలవుతున్న ఒక శాతం పన్ను అప్పటిదాకా మానసిక వైద్యానికే. 2024 మార్చిలో అతి తక్కువ తేడాతో నెగ్గిన ప్రతిపాదన 1 వల్ల, మానసిక జబ్బు లేకుండా మత్తు వ్యసనం ఒక్కటే ఉన్నవారికీ ఇక ఆ డబ్బు వాడవచ్చు, కౌంటీలు 30 శాతం ఇళ్లకు కేటాయించాలి. వీధిలో కనిపించే సమస్యకు డబ్బు చేరుతుందని కొందరికి సంతోషం. అదే డబ్బుతో నడుస్తున్న చిన్న చిన్న కౌన్సెలింగ్ కేంద్రాలకు కోత పడుతుందని, అందరికీ వర్తించే నివారణ పని కౌంటీ చేతినుంచి రాష్ట్రానికి పోయిందని మరికొందరికి బాధ. ఈ పన్నులో కొత్త నీరు రాలేదు, ఉన్న కాలువకే కొత్త తూములు పెట్టారు.

వాడేవాళ్లు పెరగలేదు, చనిపోయేవాళ్లు పెరిగారు

పిల్లల్లో మత్తు వాడకం పెరిగిపోయిందని మనవాళ్ల వాట్సాప్ గుంపుల్లో తరచు కనిపిస్తుంది. అంకెలు వేరే మాట చెబుతాయి. అమెరికా అంతటా హైస్కూలు పిల్లల్లో వాడకం 2021లో బాగా పడిపోయి, తర్వాత కూడా తక్కువగానే ఉంది. కానీ 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో ఓవర్‌డోస్ మరణాలు 2019లో 492 ఉంటే, 2020లో 954. వాడేవాళ్లు పెరగకుండానే చావులు దాదాపు రెట్టింపయ్యాయి.

కారణం ఫెంటానిల్ అనే చాలా శక్తిమంతమైన ఓపియాయిడ్. దీన్ని కలిపి, మందుల దుకాణంలో దొరికే నొప్పి మాత్రలాగానో ఆందోళన తగ్గించే మాత్రలాగానో అచ్చు గుద్ది అమ్ముతారు. రెండు మిల్లీగ్రాములు ప్రాణం తీయగలవు, ఉప్పు గింజలు కొన్ని ఉంటాయంతే. 2022 సెప్టెంబరులో హాలీవుడ్‌లోని ఒక హైస్కూల్లో ఇలాంటి మాత్ర వేసుకుని 15 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ పాఠశాలల యాజమాన్యం ప్రతి బడిలో నలోక్సోన్ పెట్టించింది. ముక్కులో కొడితే ఓపియాయిడ్ ప్రభావాన్ని తాత్కాలికంగా వెనక్కి నెట్టే మందు అది.

మత్తు వద్దని చెప్పాలా, చావకుండా చూడాలా అన్న తగువు ఇక్కడ మొదలవుతుంది. వద్దని చెప్పే పద్ధతి పుట్టిల్లు కూడా లాస్ ఏంజెలెసే. 1983లో అక్కడి పోలీసులు, బడులు కలిసి మొదలుపెట్టిన డేర్ కార్యక్రమంలో యూనిఫారంలో ఉన్న పోలీసు తరగతికి వచ్చి పాఠం చెప్పేవాడు. దేశమంతా పాకింది. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఆ పాఠం విన్న పిల్లలకూ వినని పిల్లలకూ వాడకంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పాఠ్యక్రమాన్ని మార్చుకోక తప్పలేదు. నలోక్సోన్ పంచితే ధీమా పెరుగుతుందని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్లను మూర్ఖులనడం తగదు. అయితే కౌంటీ లెక్క ప్రకారం అన్ని వయసుల మత్తు మరణాలు 2023లో 3,137 ఉంటే 2024లో 2,438కి తగ్గాయి. ఇందులో నలోక్సోన్ వాటా ఎంత, వీధిలో అమ్మే మత్తు సరుకులో వచ్చిన మార్పు వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. దేశమంతా అదే ఏడాది తగ్గుదల కనిపించింది.

ఇల్లు ముందా, మానడం ముందా

2016 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర గృహ నిధులకు షరతు ఒకటుంది. మత్తు మానితేనే ఇల్లు అనకూడదు, ముందు ఇల్లు, తర్వాత మిగతావి. ఈ పద్ధతిలో ఇల్లు పొందినవాళ్లు ఇంట్లో నిలబడతారని అధ్యయనాలు గట్టిగా చెబుతాయి. ఇల్లు ఇవ్వడం ఒక్కదానితోనే మత్తు తగ్గుతుందని మాత్రం అవి చెప్పవు. మద్దతుదారులు మొదటి వాక్యాన్ని, విమర్శకులు రెండో వాక్యాన్ని పట్టుకుని వాదించుకుంటున్నారు. 2025 జూలైలో అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు కేంద్ర నిధులను చికిత్స తప్పనిసరి చేసే వైపు తిప్పమంది. ఇప్పుడు కౌంటీకి రాష్ట్రం ఒక షరతు, కేంద్రం దానికి ఎదురు షరతు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ ఫ్రాన్సిస్కో వారు 2023లో విడుదల చేసిన అధ్యయనం దాదాపు 3,200 మందితో మాట్లాడింది. వీధిన పడడానికి ముందు వాళ్ల ఇంటి నెల ఆదాయం మధ్యస్థంగా 960 డాలర్లు. 90 శాతం మంది ఇల్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియాలోనే. మంచి వాతావరణం చూసి బయటినుంచి వచ్చి పడ్డారన్న మాటకు ఇది సమాధానం. దాదాపు మూడో వంతు మంది మెథ్ అనే మత్తుమందు క్రమం తప్పకుండా వాడుతున్నామన్నారు. వ్యసనం వల్ల ఇల్లు పోయిందా, ఇల్లు పోయాక వ్యసనం అంటిందా అంటే, రెండు రకాలవాళ్లూ అందులో ఉన్నారు.

కుర్రవాడు, పద్దులు

ఒక కుర్రవాడిని ఊహించుకుందాం. కౌంటీ ఉత్తరాన లాంకాస్టర్‌లో ఉంటాడు. పదిహేడేళ్లు, ఇంట్లో గొడవలు, స్నేహితుడి ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నాడు. 1987 నాటి మెకినీ-వెంటో చట్టం ప్రకారం బడి దృష్టిలో అతను నిరాశ్రయుడు. బడికి రవాణా, ఇతర సాయం ఇవ్వాలి. అదే రాత్రి కేంద్ర గృహ శాఖ లెక్కలో మాత్రం అతను నిరాశ్రయుడు కాదు, నెత్తిన కప్పు ఉంది కదా. కాబట్టి మెజర్ ఎ డబ్బుతో నడిచే సేవల వరసలోనూ అతనికి చోటు దొరకడం కష్టం. ముందుగా ఆదుకుంటే తక్కువ ఖర్చుతో పోయేది ఈ దశలోనే.

ఫోనులో పరిచయమైనవాడి దగ్గర మాత్రలు కొనడం మొదలుపెట్టాడు. బడి సలహాదారు గమనించింది. ఆమె నడిపే నివారణ తరగతికి గంజాయి పన్ను డబ్బు రావచ్చు, బీరువాలో నలోక్సోన్ ఇంకో కార్యక్రమానిది. చికిత్సకు పంపితే బిల్లు మెడికాల్‌ది, చూసేది కౌంటీ ప్రజారోగ్య శాఖలోని మత్తు విభాగం. అతనికి కుంగుబాటు కూడా ఉందని తేలితే అది మానసిక ఆరోగ్య శాఖ పని, వేరే శాఖ, వేరే ఫైలు. పన్నెండేళ్లు దాటిన పిల్లలు మత్తు కౌన్సెలింగుకు తామే సమ్మతి ఇవ్వవచ్చని రాష్ట్ర చట్టం ఉంది, తగినప్పుడు తల్లిదండ్రులను కలుపుకోవాలనీ అదే చట్టం చెబుతుంది. ఇది తెలిసి ఉలిక్కిపడే తెలుగు తల్లిదండ్రులు తక్కువేమీ కాదు. ఇంట్లో చెప్పాల్సి వస్తుందంటే పిల్లలు అసలు గడపే తొక్కరన్నది చట్టం వైపు వాదన.

పద్దెనిమిది దాటాక స్నేహితుడి కుటుంబం ఊరు మారింది. కుర్రవాడు పాత కారులో పడుకుంటున్నాడు. ఇప్పుడు అన్ని లెక్కల్లోనూ నిరాశ్రయుడే. యువత షెల్టరులో పడక మెజర్ ఎది, తర్వాత దొరికే గదికి అద్దె సాయం కేంద్రానిది, ఆ గదికి వచ్చి చూసి వెళ్లే చికిత్సకుడి జీతం 2026 జూలై నుంచి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీది పన్నులోంచి రావచ్చు. అయిదు పద్దులు, ఒక్కొక్కదానికి ఒక దరఖాస్తు, ఒక అర్హత, ఒక నివేదిక. షెల్టరులో అతని కేసు చూసే ఉద్యోగి రోజులో ఎక్కువ సేపు కుర్రవాడితో కాక కంప్యూటర్‌తో గడుపుతుంది. కొత్త శాఖ నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలంటే ఆమె బల్ల దగ్గర నిలబడి ఎన్ని ఫారాలు తగ్గాయో లెక్కపెట్టాలి.

యువత కోసమని కేటాయించిన పడకలకు, అద్దె సాయానికి కేంద్రం పెట్టిన హద్దు 24 ఏళ్లు. ఇరవై అయిదో పుట్టినరోజు వచ్చేలోగా అతను నిలదొక్కుకుంటే సరి. లేకపోతే ఆ మర్నాటినుంచి అతను పెద్దల వరసలో, చివరన నిలబడతాడు.